అన్వయ యోగం

యోగాన్ని చాప మీదే వదిలేయకూడదు, నిత్యజీవితానికి అన్వయించుకోవాలి అని పెద్దలు చెబుతుంటారు. మూడు నెలలుగా నేను ఆ పనిలోనే ఉన్నాను. మొదట్లో ఒక పొరపాటు చేశాను. నా జీవితానికి అన్వయించుకోబోయాను. ఎక్కడా అతకలేదు. పక్కవాళ్ల జీవితానికి పెట్టి చూశాను కదా, కొలిచి కుట్టించినట్టు సరిపోయింది.

ముందు కాస్త శాస్త్రం. పతంజలి యోగసూత్రాలు నాలుగు పాదాల్లో 195 ఉన్నాయి, కొన్ని ప్రతుల్లో 196. అందులో ఆసనాల గురించి చెప్పినవి మూడంటే మూడే. ఆ మూడింట్లో మొదటిది ‘స్థిరసుఖమాసనమ్’. కదలకుండా, సుఖంగా ఉండేదే ఆసనం అని. ఇది నాకు సోఫాలో ఏనాడో సిద్ధించింది. మిగతా వాటిలో చాలామటుకు మనసు గొడవే. మనసుకి ఫొటో తీసి పెట్టలేం కాబట్టి లోకం ఆ మూడింటితో సరిపెట్టుకుంది. నేను అలా కాదు, మిగతా వాటిలోకీ దిగాను.

మొదటి పాదంలో 33వ సూత్రం చూడండి. సుఖంగా ఉన్నవాళ్లతో మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణ, పుణ్యాత్ములను చూస్తే ముదిత, అంటే సంతోషం, పాపాత్ముల పట్ల ఉపేక్ష. ఈ నాలుగూ అలవాటైతే చిత్తం తేటపడుతుందట. ఈ నాలుగూ మా ఆఫీసులో ఎప్పట్నుంచో అమల్లో ఉన్నాయి. కాకపోతే అడ్రసులు తారుమారయ్యాయి. ప్రమోషన్ వచ్చినవాణ్ణి చూస్తే మాకు కరుణ పొంగుతుంది. “పాపం, ఇక ఇంటి మొహం చూసినట్టే” అని నిట్టూరుస్తాం. కష్టంలో ఉన్నవాడు మెసేజ్ పెడితే ఉపేక్ష. తెరవకుండా పైపైన నోటిఫికేషన్‌లోనే చదివేసి, చూడనట్టు ఉండిపోతాం. తప్పు చేసి దొరికిపోయినవాడి కథ మొదలైతే ముదిత, గంటసేపు కూడా చాలదు. తప్పు చేసి దొరక్కుండా పైకి వెళ్లినవాడితో మైత్రి. వాడి పుట్టినరోజు మాకు మా పుట్టినరోజు కంటే బాగా గుర్తుంటుంది. ఇక పుణ్యాత్ముడి వంతుకి ఏ భావమూ మిగల్లేదు. వాడికి పని అప్పగిస్తాం.

చిత్తవృత్తులు, అంటే మనసు పోకడలు, అయిదని కూడా మహర్షి చెప్పాడు. వాటిలో వికల్పం అంటే వెనక వస్తువంటూ ఏదీ లేకుండా ఉత్త మాటల వల్ల పుట్టే జ్ఞానం. పొద్దున్నే కుటుంబ గ్రూపులోకి వచ్చిపడే ఫార్వర్డ్‌లకి ఇంతకన్నా మంచి నిర్వచనం నేనింకా చూడలేదు. ఈ నిర్వచనాన్నే ఆ గ్రూపులో ఫార్వర్డ్ చేశాను. పదిహేను మంది దండాలు పెట్టారు.

తర్వాత మా అమ్మాయికి అపరిగ్రహం బోధించాను. అవసరానికి మించి పోగెయ్యకూడదమ్మా, కాళ్లు రెండే కదా, ఇన్ని జతల చెప్పులెందుకు అన్నాను. అది ఏమీ మాట్లాడలేదు. చెయ్యి పట్టుకుని నా టేబుల్ దగ్గరికి తీసుకెళ్లి కింది సొరుగు లాగింది. ఏడు చార్జర్లు. వాటిలో ఆరింటి ఫోన్లు పోయి చాలాకాలమైంది. ఒకదానికొకటి పెనవేసుకుపోయిన వైర్ల ముద్ద. రెండిళ్ల కిందట అమ్మేసిన టీవీ తాలూకు రిమోట్, బ్యాటరీలతో సహా.

“వీటి గురించి సూత్రం ఏమంటుంది నాన్నా?”

“అనుభవించినదాన్ని జారిపోనివ్వకపోవడాన్ని పతంజలి స్మృతి అన్నాడమ్మా” అన్నాను. సొరుగు మూసేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, “నేను ప్రత్యాహారంలో ఉన్నాను, ఇంద్రియాలను లోపలికి లాక్కున్నాను, కాసేపు పిలవకు” అని వెళ్లిపోయింది.

అసలు పరీక్ష వంటింట్లో ఎదురైంది. అక్కడి కుళాయి మూడు వారాలుగా కారుతోంది. “ఏమండీ, ప్లంబర్‌కి ఫోన్ చేశారా?” అని మా ఆవిడ అడిగేసరికి నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను. కళ్లు తెరవకుండానే, “నియమాలు అయిదు. రెండోది సంతోషం. ఉన్నదానితో తృప్తి పడటం” అన్నాను.

“మూడోది తపస్సేగా? బకెట్ నిండింది, ఎత్తి పారబోసి రండి.”

ఎప్పుడు చదివిందో తెలీదు. పుస్తకాన్ని అందరి చేతికీ అందేచోట పెట్టడం నాదే తప్పు.

ఆ రాత్రి పడుకోబోతుంటే ఫోన్ టింగుమంది. ధ్యానం యాప్. పదకొండు రోజులు నిలబెట్టిన నా వరుస తెగిపోయిందని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టమని. మొదటి పాదంలోనే 14వ సూత్రం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం చెయ్యాలి, మధ్యలో తెగకూడదు, ఆదరంగా చెయ్యాలి. ఈ మూడూ కుదిరినవాళ్లు మా ఇంట్లో ఒక్కరైనా ఉన్నారా అని చీకట్లో ఆలోచిస్తుంటే వంటింట్లోంచి వినిపించింది. టప్. కాసేపాగి మళ్లీ టప్. మూడు వారాలు తక్కువ కాలమేమీ కాదు. ఒక్కరోజు కూడా వరుస తెగలేదు. ఇక ఆదరం సంగతంటారా, రోజూ పడుకునే ముందు దాని కింద ఖాళీ బకెట్ పెడుతున్నది నేనే.