ఆరో తరగతి చేతికి ట్యాబ్ ఎందుకు?

అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు, హైదరాబాద్‌లో స్కూళ్ల హోర్డింగుల మీద పిల్లాడి చేతిలో ట్యాబ్ మెరుస్తుంటుంది. పేరెంట్స్ మీటింగులోనూ మొదటి ప్రశ్న అదే: ‘మా వాడికి ట్యాబ్ ఇస్తారా?’ ఇస్తే దాంతో ఏం చేస్తాడన్నది అడిగేవాళ్లు తక్కువ.

ఆరు నుంచి ఎనిమిది దాకా చదివేది 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు. చదివింది సొంత మాటల్లో పెట్టడం నేర్చుకునే వయసు. పేరా రాయాలి, కొట్టేయాలి, మళ్లీ రాయాలి. కొలతలు పట్టికలో వేయాలి. కోడింగును కూడా 2020 జాతీయ విద్యా విధానం ఈ దశలోనే పెట్టింది. వీటికి కావాల్సింది కీబోర్డు, అంటే ల్యాప్‌టాప్. గాజు మీద వేలితో రెండు పేరాలు రాయమంటే పెద్దవాళ్లకే విసుగు. దాంతో ట్యాబ్ ఉన్న క్లాసులో వీడియో చూడటమే మిగులుతుంది. బొమ్మలు గీయడానికి, ప్రయోగాన్ని ఫొటో తీయడానికి ట్యాబ్ భేషుగ్గా ఉంటుంది, కాదనను. స్కూలుకు నాలుగైదు చాలు.

ధర ఒక్కటే చూసి కొంటే ఏమవుతుందో ఈ ఊరికి కొత్త కాదు. 2011 అక్టోబరులో కేంద్రం విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్లెట్లను అసెంబుల్ చేసింది హైదరాబాద్‌లోనే. ధర 2,276 రూపాయలు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితేగానీ పలకని స్క్రీన్. అలాగని ఖరీదైనవి కొన్నవాళ్లు గట్టెక్కారా అంటే, అదీ లేదు. 2013లో లాస్ ఏంజెలెస్‌లో పిల్లలకు ఐప్యాడ్లు పంచితే, వాళ్లు రోజుల్లోనే వేరే సైట్లను అడ్డుకునే ఫిల్టర్లు దాటేశారు. మరుసటి ఏడాది ఆ కాంట్రాక్టే ఆపేశారు. పక్కనే ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి బైజూస్ పాఠాలు వేసిన ట్యాబులు ఇచ్చింది. 2024 జూలైకల్లా ఆ కంపెనీ దివాలా ప్రక్రియలో ఉంది. పాఠం ఒకే కంపెనీ చేతిలో ఉంటే, ఆ కంపెనీ కష్టాలన్నీ క్లాసురూములోకి వస్తాయి.

ఇక ఎవరూ మాట్లాడని సంగతి, చార్జింగ్. క్లాసులో 40 మంది, ఒక్కో ల్యాప్‌టాప్ చార్జరు 45 వాట్లు అనుకుందాం. మొత్తం 1,800 వాట్లు. గోడకున్న మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు 1,400 దగ్గరే చేతులెత్తేస్తుంది. అంటే చార్జింగ్ ట్రాలీ, దానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు ముందు ఉండాలి, మెషీన్లు తర్వాత రావాలి. ‘ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకు రండి’ అంటే సగం మంది మర్చిపోతారు, మిగతా సగం బ్యాగులో మోస్తారు. ఆరు, ఏడు తరగతుల బ్యాగు 4 కిలోలు దాటొద్దని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే చెప్పింది. కిలోంపావు మెషీన్, చార్జరు అందులో పడితే పుస్తకాలకు మిగిలేదెంత? మెషీన్లు స్కూల్లోనే ఉండాలి. రెండు మూడు సెక్షన్లు వంతులవారీగా వాడుకుంటే తలా ఒకటి కొనే పనీ తప్పుతుంది.

అలా పంచుకోవాలంటే ఒక్కో విద్యార్థికి వేరే లాగిన్ కావాలి. ఈ పనికి గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్, అంటే క్రోమ్‌బుక్, సులువు: ఎవరి అకౌంట్‌తో తెరిస్తే వాళ్ల పని వాళ్లకు కనిపిస్తుంది. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. ఆ పదేళ్లు లెక్కేసేది మోడల్‌లోని హార్డ్‌వేర్ ప్లాట్‌ఫాం మొదట మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి, మీరు కొన్న నాటి నుంచి కాదు. డిస్కౌంట్‌లో వచ్చే పాత స్టాకు దగ్గర మోసపోయేది ఇక్కడే. ఇంటర్నెట్ లేకపోతే మాత్రం దాంతో సగం పనులు ఆగిపోతాయి, ఆ టెన్షన్ ఉన్న స్కూళ్లు విండోస్ ల్యాప్‌టాప్‌ల వైపే చూడాలి.

బడ్జెట్ చిన్నదైతే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లొచ్చు. కంపెనీలు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు అక్కడ దొరుకుతాయి. విరిగిన హింజ్, వదులైన చార్జింగ్ పిన్, ఊడిన కీబోర్డు మార్చేవాళ్లూ అక్కడే ఉన్నారు, అతికించేసిన ట్యాబ్‌కు ఆ వీలు తక్కువ. 2025 అక్టోబరులో విండోస్ 10కి మద్దతు ఆగింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని పాతవాటిలో దాని బదులు క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ గానీ లైనక్స్ గానీ, ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటి ఉచితంగా వేసుకోవాలి. బేరం ఆడే ముందు కొత్త బ్యాటరీ ఎంతో అడగండి, ఆ మోడల్‌కు బ్యాటరీ దొరకదంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.