పైవాళ్ళు నోరు విప్పరు

మా అపార్ట్‌మెంట్‌లో నన్ను 403 అంటారు. అసలు పేరు వాచ్‌మన్‌కీ, పార్సిళ్ళు తెచ్చే కుర్రాళ్ళకీ మాత్రమే తెలుసు. లిఫ్ట్‌లో ఎదురైతే ఒక నవ్వు, సంక్రాంతికి ఒక ప్లేటు అరిసెలు. అంతకుమించి ఎవరితోనూ రాకపోకలూ లేవు, పేచీలూ లేవు. మణికొండలో ఇరవై ఫ్లాట్ల బిల్డింగ్‌లో ఐదేళ్ళు గొడవ పడకుండా కాపురం చేయడం మాటలు కాదు. ఆ రికార్డు 2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండూ నలభైకి పోయింది.

పోగొట్టింది ఫుట్‌బాల్.

హైదరాబాద్‌కి ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉందని ఆఫీసులో చెబితే, "ఉప్పల్‌లో ఆడతారా?" అని అడిగినవాళ్ళున్నారు. ఉప్పల్‌లో కాదు, గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూడో సీజన్‌కే ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కొట్టేసింది. 2022 మార్చి 20, గోవాలో ఫటోర్డా స్టేడియం. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. వాళ్ళు ఒక గోల్ ముందున్నారు, టైము అయిపోవస్తోంది, 88వ నిమిషంలో మా సాహిల్ తవోరా దూరం నుంచి ఒక్కటిచ్చాడు. తర్వాత పెనాల్టీలు. మా గోల్‌కీపర్ కట్టిమణి ఒకటి ఆపి, ఇంకోటి ఆపి, మూడోది కూడా ఆపేసరికి నేను పెట్టిన కేకకి వంటింట్లో సిలిండర్ పేలిందనుకుని మా ఆవిడ మెట్లదాకా పరిగెత్తింది. కోవిడ్ మూలాన ఆ ఏడాది లీగ్ మొత్తం గోవాలోనే జరిపారు. సొంత ఊళ్ళో ఒక్క ఆట కూడా ఆడకుండా ఛాంపియన్లమయ్యాం. ఇల్లు చూడకుండానే గృహప్రవేశం అయిపోయింది.

రెండేళ్ళు తిరక్కుండా బండి బోల్తా కొట్టింది. 2023-24 సీజన్‌లో ఆటగాళ్ళకి నెలల తరబడి జీతాల్లేవు. విదేశీ ఆటగాళ్ళు సామాన్లు సర్దుకున్నారు. జనవరి వచ్చేసరికి మనవాళ్ళు కూడా ఒక్కొక్కరే వేరే క్లబ్బులకి వెళ్ళిపోయారు. పోయినవాళ్ళ చోట కొత్తవాళ్ళని తెచ్చుకుందామంటే అదీ లేదు. పాత ఆటగాడి బకాయి తీర్చకపోతే, తీర్చేదాకా కొత్తవాళ్ళ పేర్లు నమోదు చేయనివ్వకుండా ఫిఫా తలుపు మూసేస్తుంది. దాన్నే రిజిస్ట్రేషన్ బ్యాన్ అంటారు. మాకూ అది పడింది. ఈ 'రిజిస్ట్రేషన్' అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

మా అభిమానుల వాట్సాప్ గ్రూపులో నలభై మందిమి. గెలిచే రోజుల్లో ఎవరూ మాట్లాడుకునేవాళ్ళం కాదు, బొమ్మలు పంపుకునేవాళ్ళం. జీతాలు ఆగాకే అందరికీ నోళ్ళొచ్చాయి. సికింద్రాబాద్ నుంచి ఒక అకౌంటెంటు గారున్నారు. ఆయన రోజూ రాత్రి తొమ్మిదింటికి జమాఖర్చు విప్పుతారు. లీగుకి కట్టే ఫ్రాంచైజీ ఫీజెంత, స్టేడియం ఖర్చెంత, జీతాలెంత, వచ్చేదెంత, పోయేదెంత. ఆయన చెప్పేది క్లబ్బు లెక్కే అయినా, వింటున్నంతసేపూ నా ఇంటి లోను గుర్తొచ్చి భయమేసేది. టోలీచౌకి కుర్రాడొకడు ఆయన లెక్క సగంలో ఉండగానే "ఓనర్లని మార్చాలి" అనేవాడు. ఎవరితో మార్చాలో వాడూ చెప్పడు, మేమూ అడగం. ఇంకొకాయన ఎంతసేపూ ఒకటే ప్రశ్న: "గచ్చిబౌలికి నువ్వెన్నిసార్లు టికెట్టు కొనుక్కుని వెళ్ళావు?" ఈ ప్రశ్న పడగానే గ్రూపు పావుగంట చల్లబడేది. నేను రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి పాసు మీద.

ఆ రాత్రి కూడా మేం గెలవలేదు. సీజన్ మొదలై ఐదు నెలలు దాటినా ఒక్క గెలుపూ లేదు. నాకు కడుపు మండి, మంచం మీద పడుకునే, కళ్ళద్దాలు లేకుండా ఇలా రాశాను:

"ఇంకెన్నాళ్ళు భరించాలి? నెలల తరబడి జీతాలు లేవు. వెనకాల ఎడమవైపంతా ఖాళీ, ఎవడు పడితే వాడు లోపలికి వచ్చేస్తున్నాడు. కీపర్ ఒక్కడే ఎంతమందిని ఆపుతాడు? బకాయిలు కట్టనందుకు రిజిస్ట్రేషన్లు కూడా ఆపేశారు. అయినా పైవాళ్ళు నోరు విప్పరు. రెండేళ్ళ కింద మనం ఎలా ఉండేవాళ్ళం, ఇవాళ ఎలా ఉన్నాం! లెక్కలు బయటపెట్టండి. చేతకాకపోతే అమ్మేసి తప్పుకోండి."

పంపించాను. రెండు టిక్కులు పడ్డాయి గానీ ఎవరూ కిక్కురుమనలేదు. ఇంత బాగా రాస్తే ఒక్క బొటనవేలు కూడా రాలేదేమిటని కాస్త నొచ్చుకుని పడుకున్నాను.

నా ఫోన్‌లో ఎప్పుడూ పైన ఉండే గ్రూపులు రెండు. రెండింటి బొమ్మా పసుపే. ఒకటి మా క్లబ్ జెర్సీ. రెండోది మా బిల్డింగ్.

పొద్దున ఆరున్నరకి మా ఆవిడ కాఫీ లేకుండా వచ్చి లేపింది. కాఫీ లేకుండా లేపిందంటే విషయం పెద్దదే.

"ఏమండీ, ట్రెజరర్ గారు రాజీనామా చేశారు."

"ఎందుకు?"

"మీరు చెయ్యమన్నారు కదా."

ఫోన్ తీస్తే నూట ముప్ఫై మెసేజీలు. ట్రెజరర్ గారు, 302, బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయిన మనిషి. తెల్లవారుజాము నాలుగుంబావుకే మూడేళ్ళ రసీదులు ఫోటోలు తీసి పెట్టడం మొదలెట్టారు. టాంకర్ల బిల్లులు, డీజిల్ బిల్లులు, లిఫ్ట్ వాళ్ళకి కట్టింది, వినాయక చవితికి మిగిలిన నూట పది రూపాయలు. చివర్లో: "ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నన్ను లెక్క అడిగినవాడు లేడు. చేతకాకపోతే తప్పుకోమన్నారు, తప్పుకుంటున్నాను. తాళాలు సెల్లార్‌లో పెట్టాను."

ఐదో అంతస్తువాళ్ళు నలుగురూ ఒక్కటయ్యారు. వాళ్ళలో వాళ్ళకి రెండేళ్ళుగా మాటల్లేవు. "పైవాళ్ళు అంటే మేమేగా? 401 గారి బాత్‌రూమ్ కప్పు కారడానికి మేం కారణం కాదని ప్లంబర్ చెప్పినా మళ్ళీ ఇలా దెప్పడం ఏం మర్యాద?" అని 501. అది చూసి 401 గారు, "ఇన్నాళ్ళకి నా తరఫున ఒకరు మాట్లాడారు, థాంక్యూ 403 గారూ" అని రెండు దండాలు పెట్టారు. రెండేళ్ళ కింద ప్రెసిడెంటుగా చేసిన 104 గారు, "రెండేళ్ళ కింద మనం ఎలా ఉండేవాళ్ళమో ఒక్కరైనా గుర్తుపెట్టుకున్నారు. కళ్ళు చెమర్చాయి" అన్నారు.

అందరికన్నా పెద్ద దెబ్బ 204కి తగిలింది. ఆయన ఫ్లాట్ అమ్ముతున్నాడు. అడ్వాన్సు తీసుకున్నాడు, శుక్రవారం రిజిస్ట్రేషన్. "రిజిస్ట్రేషన్లు ఆపేశారు" అన్నది చదివి రాత్రి పన్నెండింటికి లాయర్ని లేపాడు. లాయరు ఏ సర్వే నంబరో చూడమన్నాడట. కొనేవాళ్ళ బావమరిది కూడా మా గ్రూపులో ఉన్నాడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. వాళ్ళు పొద్దున్నే అడ్వాన్సు వెనక్కి అడిగారు.

మా ఆవిడ నన్ను కాపాడటానికి ఒక ప్రయత్నం చేసింది. "అది ఫుట్‌బాల్ గురించండీ, తప్పు గ్రూపులో పడింది" అని పెట్టింది. వెంటనే 204 అడిగాడు: "ఫుట్‌బాల్‌కి రిజిస్ట్రేషన్ ఏమిటమ్మా?" ఆ ప్రశ్నకి ఇరవై బొటనవేళ్ళు వచ్చాయి. నా వ్యాసానికి రానివన్నీ అక్కడే పడ్డాయి.

ఆదివారం సెల్లార్‌లో మీటింగ్. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మామూలుగా ఆరుగురు రాని మీటింగ్‌కి ఆ రోజు అద్దెకున్నవాళ్ళు కూడా వచ్చారు. వాచ్‌మన్ ఒక మూల నిలబడి నన్నే చూస్తున్నాడు. "సార్, నా జీతం ముచ్చట మీకెట్ల తెలిసింది? నేనెవ్వరికీ చెప్పలే" అన్నాడు మెల్లగా.

నాకు తెలియదు. కానీ నిజమేనట. రెండు నెలలుగా జీతం అందలేదు.

సరే, వెనకాల ఎడమవైపు ఖాళీ సంగతేంటో చూద్దామని అందరూ లేచారు. జనరేటర్ వెనక, ప్రహరీ గోడ ఎడమ మూలన ఇటుకలు ఊడిపోయి మనిషి దూరేంత సందు. పక్క సైటులో పనిచేసేవాళ్ళు అందులోంచే వచ్చి మా కుళాయి దగ్గర బిందెలు నింపుకుపోతున్నారు. మూడేళ్ళుగా ఇక్కడ తిరిగే ఒక్కరికీ కనపడలేదు. "ఈయన మాటా పలుకూ లేకుండా ఉంటాడు గానీ అన్నీ కనిపెడతాడు" అని ఎవరో అన్నారు. ఒప్పుకుందామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

అప్పుడు ట్రెజరర్ గారు లేచారు. రాజీనామా చేసినా ఫైలు వదల్లేదు. "వాచ్‌మన్‌కి జీతం ఎందుకు ఆగిందో కూడా తెలుసుకుందాం. డబ్బులుంటే ఇస్తాం కదా. మెయింటెనెన్స్ కట్టనివాళ్ళ లిస్టు చదువుతున్నాను" అని కళ్ళజోడు సర్దుకున్నారు. "మొదటి పేరు. ఫ్లాట్ నంబర్ 403. నాలుగు నెలలు. నెలకి మూడున్నర వేల చొప్పున పద్నాలుగు వేలు."

సెల్లార్ నిశ్శబ్దమైపోయింది. ఒక్క బోరు మోటారు మాత్రం తిరుగుతోంది.

బ్యాంకు మారినప్పుడు ఆటోమేటిక్‌గా కట్టుకునే ఏర్పాటు ఆగిపోయింది, నేను చూసుకోలేదు. చెప్పాను కూడా. చెబుతుంటే నా గొంతే నాకు ఎక్కడో విన్నట్టనిపించింది. జీతాలు ఆగిన ప్రతిసారీ "చిన్న ఇబ్బంది, త్వరలో సర్దుకుంటుంది" అనేవాళ్ళని మా గ్రూపులో నేను ఏమేం తిట్టానో అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

ఆదుకున్నది 101 తాతగారు. ఎనభై దాటిన మనిషి, మీటింగ్‌లకి రారు, ఆ రోజు గొడవ వినబడి కర్ర పట్టుకుని వచ్చారు. నా మెసేజ్ మనవరాలితో ఇంకోసారి చదివించుకుని, "ఏమయ్యా, నువ్వు రాసింది లెఫ్ట్ బ్యాక్ గురించే గదా?" అన్నారు.

నేను ఆయన కాళ్ళ మీద పడబోయాను.

"మీకు ఎవరికీ తెల్వదు గానీ, ఇది ఫుట్‌బాల్ ఊరు" అని మొదలెట్టారు తాతగారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలవడం, కోచ్ రహీం సాబ్, ఆయన తయారుచేసిన ఇండియా జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళడం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం. పిల్లప్పుడు ఫతే మైదాన్‌లో గోడెక్కి చూసిన ఆటలు. అరగంట మాట్లాడారు. 204 మధ్యలో రెండుసార్లు లేచి "అయితే శుక్రవారం రిజిస్ట్రేషన్‌కి ఇబ్బంది లేనట్టేగా?" అని అడిగి కూర్చున్నాడు.

"మరి వాళ్ళకి జీతాలు సరిగ్గా ఇచ్చేవారా తాతగారూ?" అన్నాను.

"పోలీసోళ్ళయ్యా. ఒకటో తారీకు సర్కారు జీతం. నీ లెక్క బకాయి పెట్టిన్రా?"

అక్కడే నిలబడి ఫోన్‌లో పద్నాలుగు వేలు పంపించాను. వాచ్‌మన్‌కి ఆ సాయంత్రమే జీతం ముట్టింది. ట్రెజరర్ గారు రాజీనామా వెనక్కి తీసుకున్నారు. ఆ తాళాలకి ఇంకెవరూ చెయ్యి చాచలేదు కాబట్టి తీసుకోక తప్పలేదు. ప్రహరీ గోడ పని మాత్రం నాకు అప్పగించారు. "కనిపెట్టింది మీరే కదా!" మేస్త్రీ, సిమెంటు, ఇటుకలు అన్నీ కలిపి ఒక వారం పట్టింది. మా లెఫ్ట్ బ్యాక్ ఖాళీ మాత్రం సీజన్ అయ్యేదాకా అలాగే ఉంది. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపుతో చివరి స్థానం. మార్చిలో వచ్చిన ఆ ఒక్క గెలుపు రోజున కేక పెట్టబోతే మా ఆవిడ చేత్తో నా నోరు మూసింది. కింద 303లో పసిపిల్ల.

ఆ ఏడాదే క్లబ్బుని కొత్త ఓనర్లు కొన్నారు. టోలీచౌకి కుర్రాడి కోరిక తీరింది. 2025 అక్టోబరులో వాళ్ళు క్లబ్బుని ఢిల్లీకి తీసుకెళ్ళి పేరు కూడా మార్చేశారు. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. మా గ్రూపు ఇంకా ఉంది. అకౌంటెంటు గారు తొమ్మిదింటికి "గుడ్ నైట్" మాత్రం పెడుతున్నారు. ఆయన లెక్కలు లేకపోతే నాకు నిద్ర పట్టడం లేదు. పసుపు జెర్సీ బొమ్మ ఎవరూ మార్చలేదు. నేను మాత్రం ఏది రాసినా ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టుకునే రాస్తున్నాను.

క్లబ్బు ఢిల్లీ వెళ్ళిన వారంలోనే ఒక పొద్దున లిఫ్ట్‌లో ట్రెజరర్ గారు ఎదురయ్యారు. చేతిలో పాల ప్యాకెట్లు.

"పేపర్లో చూశానండీ. మీవాళ్ళు ఖాళీ చేసి ఢిల్లీ వెళ్ళిపోయారట?"

"అవునండీ."

పాపం అన్నట్టు తల ఆడించారు. మూడో అంతస్తు వచ్చింది. బయటికి అడుగేసినవాళ్ళు వెనక్కి తిరిగి, మూసుకుంటున్న తలుపుకి మోచెయ్యి అడ్డం పెట్టారు.

"నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకున్నారా మరి?"