నేర్చుకునేవాడికి ఇది చాలు

2,499 రూపాయల అకౌస్టిక్ గిటారు ఒకదానికి ఆన్‌లైన్ అంగడిలో ఎవరో పెద్దమనిషి రాసిన సమీక్ష కిందటి నెల నా కంటపడింది. దాని పూర్తి పాఠం ఇది: "ప్యాకింగ్ చాలా బాగుంది. సంచీ జిప్పు గట్టిగా ఉంది. ఇంకా వాయించి చూడలేదు. నేర్చుకునేవాడికి ఇది చాలు." ఇంత చెప్పి ఆయన దానికి ఐదు నక్షత్రాలు ప్రసాదించారు. వాయించకుండానే వాద్యానికి విలువ కట్టగలిగిన ఈ మహానుభావుడు అట్టపెట్టె చూసి చెప్పు కరుస్తుందో లేదో చెప్పగలడనీ, మూత తీయకుండానే పులుసులో ఉప్పు సంగతి తేల్చగలడనీ నాకు నమ్మకం కుదిరింది. ఆయన ప్రతిభ మీద నాకు అసూయే తప్ప ఆక్షేపణ లేదు. ఆక్షేపణ అంతా ఆ చివరి వాక్యం మీదనే.

మన దేశంలో చౌక గిటార్లకు విలువ కట్టే శాస్త్రం ఒకటి చాలాకాలంగా అమలులో ఉంది. దానికి ఇంతవరకు ఎవరూ పేరు పెట్టిన దాఖలా కనబడలేదు కనుక, సంచీ శాస్త్రమని నేనే నామకరణం చేస్తున్నాను. గిటారు విలువ దానితోపాటు ఉచితంగా వచ్చే వస్తువుల సంఖ్యకు అనులోమానుపాతంలో ఉంటుందన్నది దీని మొదటి సూత్రం. రెండో సూత్రం అవసరం పడలేదు. సంచీ, బెల్టు, తీగలు మీటే మూడు పిక్‌లు, అదనపు తీగల కట్ట, మెడకు బిగించే కాపో, గిటారు తలకు తగిలించి శ్రుతి చూసుకునే ట్యూనరు, ఏ స్వరాలను కలిపి పట్టాలో చూపే కార్డ్‌ల పటం ఒకటి గోడకు అంటించుకోవడానికి, ఇవన్నీ విడివిడిగా కొంటే పదమూడు, పధ్నాలుగు వందలకు తక్కువ కావు. అమ్మినవాడి లాభమూ రవాణా ఖర్చూ పన్నూ తీసేస్తే, నా లెక్క ప్రకారం, గిటారు అనే వస్తువుకు మిగిలేది ఆరేడు వందలు. ఆ సొమ్ముతో ఒక చెక్క పెట్టె, దానికొక మెడ, ఆ మెడకు అడ్డంగా ఫ్రెట్లనే ఇరవై లోహపు కడ్డీలు, తీగలు బిగించే ఆరు బిరడాలు, పైన అద్దంలాంటి మెరుగు, అన్నీ సమకూరాలి. కూరగాయలు కొన్నవాళ్ళకు కొసరుగా కొత్తిమీర వేసే దేశంలో, కొత్తిమీర కొన్నవాళ్ళకు కొసరుగా గుమ్మడికాయ ఇచ్చే వ్యాపారం ఇదొక్కటే.

ఈ శాస్త్రాన్ని ప్రయోగపూర్వకంగా చూసే భాగ్యం నాకు మా అపార్టుమెంటు మూడో అంతస్తులోనే కలిగింది. అక్కడ ఉండే ఆయన ఏడో తరగతి చదువుతున్న కూతురి కోసం సరిగ్గా ఇలాంటి గిటారునే తెప్పించి, "మీ ఇంట్లో గిటారు ఉంది కదండీ, ఒకసారి వచ్చి ఎలా ఉందో చూద్దురూ" అని కబురు పెట్టారు. నేను వెళ్ళేసరికే పరీక్ష మొదలైపోయింది. ఆయన బావమరిది గిటారును చంకలో ఇరికించుకుని, గుడి దగ్గర కొబ్బరికాయను బేరమాడేవాడిలా చెవి ఆనించి వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి, "లోపల గుల్లగా ఉంది బావా" అని ఆందోళన వ్యక్తం చేశారు. గిటారు గుల్లగానే ఉండాలని నేను మనవి చేసుకున్నాను. ఆయన నన్ను కొంత అనుమానంగా చూసి, తీగలు లెక్కపెట్టి, "ఆరూ ఉన్నాయి, మోసమేమీ చేయలేదు" అని ధ్రువీకరించి, ఆ మెరుగులో తన మొహం చూసుకుని క్రాపు సర్దుకున్నారు. ఇంటి యజమాని ఈలోగా సంచీ జిప్పును కనీసం పది పన్నెండుసార్లు తెరిచి మూశారు. ఆయన భార్య పిక్‌లు లెక్కవేసి, మూడని రాసి నాలుగు పంపారని సంబరపడ్డారు. ఇంతమంది పెద్దల సమక్షంలో ఒక్కరంటే ఒక్కరు తీగ మీద వేలు పెట్టి నొక్కిన పాపాన పోలేదు. ఎవరి కోసం అది వచ్చిందో ఆ పిల్ల సోఫా అంచున నిలబడి తన వంతు కోసం ఎదురుచూస్తోంది.

పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత ఎడం ఉందో కొలుద్దామని నేనన్నాను. అంత సన్నని కొలతకు ఇంట్లో స్కేలు పనికిరాదు; అయితే ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు కనుక, మూడు కార్డులు ఒకదానిమీద ఒకటి పేరిస్తే సుమారు 2.3 అవుతుంది. అన్నిటికన్నా లావు తీగ కింద మూడు కార్డులు దూరి, తీగ వాటిని అంటీఅంటనట్టుంటే, ఆ గిటారు మనిషి వాయించడానికి చేసినదని ధైర్యంగా చెప్పవచ్చు. ఇంటి యజమాని ఉత్సాహంగా పర్సు తీసి మూడు కార్డులూ ఇచ్చారు. తలుపు తెరిచి ఉన్న ఇంట్లోకి చుట్టాలు వచ్చినట్టు మూడూ లోపలికి వెళ్ళిపోయాయి. ఆవిడ లోపలి గదిలోంచి మరో రెండు తెచ్చారు. అవీ వెళ్ళాయి. బావమరిది తన కార్డును కొంత అయిష్టంగా, మీద ఉన్న అంకెలు బొటనవేలితో మూసి మరీ అందించారు. అప్పటికీ తీగ కదలలేదు. చివరికి పిల్ల పరుగెత్తుకెళ్ళి నాన్న మెట్రో కార్డు పట్టుకొచ్చింది, దానితో ఏడయ్యాయి, తీగ తగిలింది. ఐదు మిల్లీమీటర్లు దాటి, దాదాపు 5.3. ఈ సంఖ్యను నేను మరణవార్త చెప్పే గొంతుతో చెప్పాను. ఇంటి యజమాని మాత్రం గర్వంగా తలపంకించి, "ఈ రేటుకు ఇంత జాగా ఎవడిస్తున్నాడండీ!" అన్నారు. హైదరాబాదులో ఫ్లాటు కొన్న మనిషి కనుక ఆ పరవశాన్ని నేను అర్థం చేసుకోగలను.

తర్వాత పిల్ల చేతికి గిటారు వచ్చింది. తీగ అంత ఎత్తున ఉన్నప్పుడు దానిని ఫ్రెట్ దాకా అణచాలంటే బలం సంగతి అటుంచి, అణిచేటప్పుడు తీగ సాగుతుంది, సాగిన తీగ శ్రుతి పెరుగుతుంది. అంటే వేలు పెట్టనంతసేపు సరిగ్గా పలికే తీగ, వేలు పెట్టగానే అపస్వరం పలుకుతుంది. పన్నెండో ఫ్రెట్‌కు నేరుగా తీగను ఊరికే తాకి మీటినా, అక్కడే నొక్కి మీటినా ఒకే స్వరం రావాలి. ఇక్కడ ఆ రెండు స్వరాలూ ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. ఉచితంగా వచ్చిన ట్యూనరే, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టి, దానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. మొదటి ఫ్రెట్ దగ్గర, తీగలు తల వైపు ఆనే నట్ అనే పట్టీలో గాడులు కూడా సగమే కోసి వదిలేయడం వల్ల, ఏ గిటారు మీదనైనా మొదట ఏడిపించే ఎఫ్ కార్డ్ దీని మీద పిడికిలి బిగించినా పలకలేదు. మెడ చెక్క సరిగా ఆరకముందే ఫ్రెట్లు కొట్టేశారు కాబోలు, తర్వాత చెక్క ఎండి కుంచించుకుపోయింది, లోహం కుంచించుకోలేదు. కొసలు కొబ్బరికోరులా బయటికి పొడుచుకొచ్చాయి. పది నిమిషాల్లో ఆ పిల్ల వేళ్ళ కొసల మీద రెండు ఎర్రని గాట్లు, అరచేతి అంచున సన్నని గీత పడ్డాయి. అప్పుడు నన్ను చూసి, "అంకుల్, నా వేళ్ళు చిన్నవి కదా, అందుకే రావట్లేదా?" అంది.

ఆ మాట విన్న తర్వాత నేను గిటారును ఇంటికి తెచ్చి నాకు తెలిసిన వైద్యమేదో చేయబోయాను. పన్నెండో ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా మధ్యలో ఉంటుంది కనుక, అక్కడ ఒక మిల్లీమీటరు దించాలంటే పెట్టె మీద తీగల కొసలు బిగించే బ్రిడ్జిలో, తీగలు ఆనే శాడిల్ అనే పట్టీని రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. 5.3 నుంచి 2.5కు రావాలంటే తీయవలసింది ఐదున్నర పైచిలుకు. శాడిల్ బ్రిడ్జి పైకి కనబడుతున్నదే మూడు. మూడు రూపాయలున్న ఖాతాలోంచి ఐదున్నర తీయమన్నట్టుంది. మెడలో ఉక్కు రాడ్డు ఉంటే మెడ వంపునైనా కొంత సరిచేయవచ్చునని వెతికితే, రాడ్డూ లేదు, అది ఉండవలసిన రంధ్రమూ లేదు. ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలంతో ఆ మెడను పగలూ రాత్రీ ముందుకు లాగుతుంటాయి. అంటే బావమరిదిగారు దానికి శాశ్వతంగా వేలాడుతున్నట్టే లెక్క. అయినా అసలు రోగం అది కాదు. మెడను పెట్టెకు తప్పు కోణంలో అతికించారు. జిగురు పెట్టిన నాడే, ఆ గిటారు ఎన్నటికీ వాయించడానికి పనికిరాదని ఎవరో ఎక్కడో నిర్ణయించి, మెరుగు పెట్టి, పక్కన నాలుగో పిక్ పడేసి పంపారు.

ఇప్పుడు ఆ వాక్యం దగ్గరికి వస్తాను. నేర్చుకునేవాడికి ఇది చాలు. ఎవరికి చాలు? ఇరవై ఏళ్ళు వాయించిన మనిషికైతే నిజంగానే చాలు. అతనికి గట్టిపడిన వేళ్ళున్నాయి, స్వరం ఎక్కడ ఉండాలో తెలిసిన చెవి ఉంది, తప్పు తనది కాదనీ చెక్కదనీ గ్రహించే తెలివి ఉంది. పదకొండేళ్ళ పిల్లకు వీటిలో ఏ ఒక్కటీ లేదు. ఆమెకు ఉన్నది పెద్దవాళ్ళు కొనిచ్చినది మంచిదేననే నమ్మకం ఒక్కటే. ఈత నేర్చుకునేవాడికి కాలికి రాయి కట్టినా చాలునని ఎవరైనా అంటే చెంప పగలగొడతాం, ఇక్కడ మాత్రం అదే మాటకు ఐదు నక్షత్రాలు ఇస్తున్నాం. మూడు వారాల్లో ఆ గిటారు అటకెక్కుతుంది, "దీనికి సంగీతం అబ్బలేదండీ, మోజుపడి కొనిపించింది" అని ఇంటికి వచ్చిన ప్రతివాడి ముందూ తండ్రి అంటాడు, పిల్ల వింటుంది. నలభై ఏళ్ళు వచ్చాక కూడా నవ్వుతూ "నాకు స్వరజ్ఞానం లేదు" అని చెప్పుకునేవాళ్ళను నేను చాలామందిని చూశాను, అందులో ఎంతమందికి లేనిది స్వరజ్ఞానమో, ఎంతమందికి లేనిది సరైన కోణంలో అతికించిన మెడో! గుల్ల పెట్టెకు తీగలు బిగించి పసిపిల్లల వేళ్ళు కోసి డబ్బు చేసుకోవడం వ్యాపారం కాదు, దుర్మార్గం. దాని జిప్పు గట్టిగా ఉందని మెచ్చుకునేవాళ్ళకు సిగ్గుండాలి.

విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేస్తారు. ఒకే దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ వాళ్ళ పనితనం. గిటారుకు ఫ్రెట్లున్నట్టే వీణకు ఇరవై నాలుగు మెట్లుంటాయి. వాటిని మైనంలో కూర్చి, ఒక్కొక్క మెట్టునూ స్వరం పలికే చోటికి చెవితో వింటూ వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ మేళం కడతారు. కొంతకాలానికి మెట్టు జరిగితే మళ్ళీ కూర్చోబెట్టి కట్టిస్తారు. సరళీ స్వరాలు నేర్చుకునే పిల్ల వీణే కదా, మెట్లు ఉజ్జాయింపుగా అతికించి పంపేద్దామన్న పనివాడి సంగతి నేనెన్నడూ వినలేదు. అయినా వీణతో సంచీ తప్ప ఏమీ ఉచితంగా రాదు కనుక, సంచీ శాస్త్రం ప్రకారం అది తక్కువ రకం వాద్యమే.

నా కోపం డబ్బు లేనివాళ్ళ మీద కాదు. ముందుపలక పొరలు అతికించని అసలు స్ప్రూస్ చెక్క కాకపోతే అది గిటారే కాదని, కార్డ్ మార్చడం రానివాడి దగ్గర చెక్కల వంశవృక్షం చదివే పండితులు మరొక జాతి. వాళ్ళ మాట వింటే జీవితంలో ఎవడూ గిటారు కొనడు. యమహావాళ్ళ ఎఫ్ 310 అనే గిటారు ముందుపలక కూడా పొరలు అతికించినదే, దాని మీద నేర్చుకున్నవాళ్ళకు కొదవ లేదు. తీగ పొడవు 634 మిల్లీమీటర్లే కావడంతో చిన్న చేతులకు కాస్త సులువు కూడా. పది వేలకు అటూ ఇటూగా ఉండే ఆ వస్తువు అందరి తాహతులోనూ లేదని తెలుసు. అలాంటిది ఎవరో మానుకున్నవాళ్ళ దగ్గర సగం ధరకు దొరుకుతుంది. అది కూడా కుదరకపోతే, ఏ ఉచితాలూ లేని నాలుగైదు వేల గిటారును దుకాణానికి వెళ్ళి, జేబులో మూడు కార్డులు పెట్టుకుని కొలిచి, మెడను కన్నుకు ఆనించి బాణంలా చూసి తెచ్చుకుని, మరో ఐదారు వందలు పెట్టి నట్, శాడిల్ సరిచేయించుకుంటే పిల్లలు వాయిస్తారు. సంచీ ఇంట్లోనే కుట్టవచ్చు. పాత దుప్పటి చాలు. చాలు అనే మాట వాడవలసిన చోటు అది.

ఇదంతా నేను మూడో అంతస్తులో చెప్పాను. వాళ్ళు మర్యాదగా విని కాఫీ ఇచ్చారు. ఆ రాత్రి పదిన్నరకు ఆయన ఫోను చేసి, "ఏమండీ, మా బావమరిది కార్డు కనబడటం లేదు, మీరు కొలిచినప్పుడు ఎక్కడైనా పెట్టారా?" అని అడిగారు. గిటారు నా దగ్గరే ఉంది కనుక ఆయనా బావమరిదీ లుంగీలతోనే కిందికి దిగివచ్చారు. ముగ్గురం కలిసి దానిని తలకిందులు చేసి ఊపాం. మొదట కొంత రంపపు పొట్టు రాలింది, తర్వాత గట్టిపడిన జిగురు ముద్ద ఒకటి, తర్వాత నాలుగో పిక్, చివరికి కార్డు. బావమరిది దానిని లుంగీకి తుడుచుకుని, గిటారును మరొకసారి వేలితో కొట్టి, "చూశారా, లోపల పడినా ఏమీ పాడవలేదు, మంచి సరుకే" అన్నారు.