మూడు రోజుల్లో మేక తోలట!

మా అక్క కొడుకు పొద్దున్నే బండి మీద వచ్చి వాకిట్లో గోనెసంచి దించాడు. విప్పితే వీధంతా కంపు. అమ్మవారి పండక్కి కోసిన మేకపోతు తోలు. "ఏటిరా ఇది?" అంటే "వీడియో చూసి ఇంట్లోనే పదును చేశాను మావయ్యా" అంటాడు. ఒక పక్క బొచ్చు గుప్పెళ్లతో చేతికొచ్చేస్తోంది, ఇంకో పక్క అప్పడంలా విరుగుతోంది. ఇదట మూడు రోజుల్లో తయారయ్యే తోలు! లక్షల్లో వ్యూస్ కూడానట.

ఆ వీడియో నేనూ చూశాను. చేతికి గ్లవ్స్, వెనకాల ఫ్లూటు మ్యూజిక్కు. లోపలి కండా కొవ్వూ సరిగ్గా గీకనే లేదు, ప్యాకెట్ ఉప్పు అలా పైన చల్లాడు. కూరలో వేస్తున్నావా బాబూ? తోలు బరువులో ఇంచుమించు సగం ఉప్పు పట్టించాలి, అదీ ఒలిచిన పూటే. నౌపడ ఉప్పుమడులు ఉన్న జిల్లాలో ఉప్పుకి కరువా? మావాడు ఇంకా ఘనుడు. రాత్రంతా పాలిథిన్ కవర్లో మూటకట్టి ఉంచాడు. ఆ ఉక్కకి కుళ్లు మొదలైందంటే బొచ్చు కుదుళ్లు వదిలేస్తుంది, ఆ తర్వాత ఎవరొచ్చినా నిలబెట్టలేరు. పొద్దున్న తీసి శ్లాబు మీద నడినెత్తి ఎండలో పరిచాడు. పచ్చి తోలు నీడన ఆరాలిరా నాయనా!

ఆపైన పటిక నీళ్లు, అంతే, అయిపోయిందట. పటికతో తెల్లగా, మెత్తగా వస్తుంది, కాదనను. గట్టిగా ఒక్క వాన పడితే పటిక కడుక్కుపోయి మళ్లీ పచ్చి తోలే. ఆ ముక్క మాత్రం వీడియోవాడు చెప్పడు.

మా తాత లందలో, అంటే తోళ్లు నానేసే గుంటలో, వాడింది తంగేడు చెక్క, ఏజెన్సీ నుంచి దిగే కరక్కాయ. ముందు సున్నం నీళ్లలో బొచ్చు ఊడేదాకా నానాలి. బొచ్చు ఉండాలనుకుంటే సున్నం జోలికే పోకూడదు. తర్వాత సున్నం వదిలేదాకా కడిగి, పులిసిన తవుడు నీళ్లలో వేసి, అప్పుడు ఆ చెక్కా కాయా నానేసిన కషాయం. అదీ మొదట పల్చగా, పోనుపోను చిక్కగా. తొందరపడి మొదటే చిక్కటి కషాయంలో ముంచితే పైపైన పట్టేసి లోపల పచ్చిగానే ఉండిపోతుంది. అందుకే తాత మెడ దగ్గర, మందంగా ఉన్నచోట, చిన్న ముక్క కోసి వెలుతురుకి పెట్టి చూసేవాడు. కోత మధ్యలో తెల్లటి గీత కనబడిందా, మళ్లీ లందలోకే. ఇనప సామాను దగ్గరికి రానిచ్చేవాడు కాదు, కషాయానికి ఇనుము తగిలితే తోలంతా నల్లమచ్చలు. వారాలు పట్టేది. మూడు రోజుల్లో చెయ్యడం తెలియక కాదు మరి!

కామెంట్లలో ఒకడు "దీంతో డప్పు చేసుకోవచ్చా అన్నా" అని అడిగితే "సూపర్‌గా వస్తుంది బ్రో" అట. నీ బొంద. డప్పుకి కావాల్సింది పదును చెయ్యని, అంటే పటికా కషాయమూ తగలని తోలు. బొచ్చు తీసేసి, తడి మీద బిగించి ఆరబెడతారు. అందుకే మంట దగ్గర కాస్తే బిగుసుకుని మోగుతుంది. ఇంకొకడికి చచ్చిపడిన పశువు తోలైనా పర్లేదని సలహా. అది దొమ్మరోగంతో, అదే ఆంత్రాక్స్‌తో, చచ్చిందేమో ఎవడు చూశాడు? ఆ రోగం తోలు పట్టుకున్న మనిషికీ అంటుకుంటుంది, ఎండబెడితే పోయేది కాదు. లైకులు మాత్రం వచ్చాయి.

సరే, కుర్రాడు, తెలీక చేశాడు, తిట్టి పంపించేశాను. కానీ ఈ వీడియో చూస్తుంటే నాకు పాత మంట ఒకటి రేగింది. చెరువుగట్టున మా లందలు ఉన్నప్పుడు కంపు కంపని పంచాయితీ పెట్టి తీయించింది ఊళ్లో పెద్ద బుగతలే, భూములున్న ఆసాములే. ఆ లందల తోలు చెప్పులు తొడుక్కునే కదా పంచాయితీకి వచ్చారు? తోలు పనికొస్తుంది, తోలు చేసేవాడి వాసన పనికిరాదు.

ఇప్పుడు వాళ్ల మనవలే బీచ్ పక్క రిసార్టులో "చేతితో తోలు తయారీ" అని వర్క్‌షాప్ పెట్టారు. కంపు ఇప్పుడు "నేచురల్" అయిపోయింది. పని చూపించడానికి మా చిన్నతాతని తీసుకెళ్లారు. వచ్చినవాళ్ల దగ్గర మనిషికి వేలల్లో గుంజి, ఆయన చేతిలో పెట్టింది బస్సు చార్జీలు, ఒక టీషర్టు. ఫొటోల్లో ఆయన చేతులున్నాయి, మొహం లేదు.

నిన్న మళ్లీ ఫోన్ చేశారు, ఇంకో బ్యాచ్ ఉందట, తాతని పంపించమని. ముందు డబ్బుల సంగతి తేల్చండి, ఆ తర్వాతే తాత అన్నాను. "కనుక్కుని చెప్తాం" అన్నారు. కనుక్కోండి.