హెల్త్ క్యాంపులో ఉద్యోగం గురించి ఎందుకు అడగం?

అమెరికాలో మన తెలుగు అసోసియేషన్లు ఏటా పెట్టే హెల్త్ క్యాంపులు మంచివే, కాదనను. బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు, ఒక కార్డియాలజిస్టు గారు స్టేజి ఎక్కి అన్నం తగ్గించండి, రోజూ నడవండి అని చెప్తారు, అందరం తలూపి వస్తాం. నలభై ఐదు దాటకుండానే గుండెపోటుతో పోయిన మనవాళ్ల ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో చూసి చూసి అందరికీ లోపల భయం ఉంది. కానీ ఆ క్యాంపులో ఎవ్వరూ అడగని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నావు? ఆ పనిలో నీ మాట ఎంతవరకు చెల్లుతుంది? ఈ ఉద్యోగం పోతే ఏంటి అన్న ఆలోచనతో రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది?

నేను పనిచేసేది పబ్లిక్ హెల్త్ డేటాలో, అందుకే ఈ ప్రశ్నలు నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తాయి. అమెరికాలో ఉండే దక్షిణాసియా వాళ్ల గుండె ఆరోగ్యం మీద మసాలా అని ఒక పెద్ద స్టడీ 2010 నుంచి నడుస్తోంది, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో, చికాగోలో మనలాంటివాళ్లనే ఏళ్ల తరబడి ఫాలో అవుతున్నారు. మనకి రిస్క్ ఎక్కువ అన్న మాట అలాంటి స్టడీల వల్లే ఇవాళ ఇంటింటికీ తెలిసింది. మన గుండె మీద ఉద్యోగం ఎంత బరువు వేస్తోంది అన్నది మాత్రం మన సంఘాల్లో మాట్లాడుకోగా నేను పెద్దగా వినలేదు.

దీని మీద పరిశోధన ఇవాళ్టిది కాదు. లండన్‌లో ప్రభుత్వ ఆఫీసులు ఉండే వీధి వైట్‌హాల్, 1967లో అక్కడి ప్రభుత్వోద్యోగులు దాదాపు 18,000 మంది మగవాళ్లతో ఒక స్టడీ మొదలుపెట్టారు. అప్పట్లో అందరి నమ్మకం ఏంటంటే పెద్ద నిర్ణయాలు తీసుకునే బాసులకే టెన్షన్, గుండెపోటు వచ్చేదీ వాళ్లకే అని. తీరా లెక్కలు చూస్తే పూర్తిగా తిరగబడింది. అట్టడుగు గ్రేడులో ఫైళ్లు అందించేవాళ్లు, తలుపు దగ్గర ఉండేవాళ్లు పైగ్రేడు వాళ్ల కంటే మూడు రెట్లు ఎక్కువగా గుండెజబ్బుతో చనిపోయారు, మధ్య గ్రేడుల వాళ్లు మధ్యలో ఉన్నారు, ఒక్కో మెట్టు దిగేకొద్దీ రిస్క్ పెరిగింది. వీళ్లలో గనిలో దిగినవాడు లేడు, ఆకలితో ఉన్నవాడు లేడు, అందరికీ నెల జీతం, అందరికీ ప్రభుత్వ వైద్యం. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ కలిపి లెక్కేసినా ఆ తేడాలో మూడో వంతుకి మించి అర్థం కాలేదు.

మిగిలిన తేడా ఎక్కడిదో వెతకడానికే మైకేల్ మార్మట్ అనే పరిశోధకుడి బృందం 1985లో రెండో స్టడీ మొదలుపెట్టింది, ఈసారి ఆడవాళ్లని కూడా కలుపుకుని 10,308 మంది. అందులో పెద్ద కారణంగా బయటపడింది పని మీద అదుపు. అంటే నా పని నేను ఏ వరసలో చేసుకోవాలి, ఎప్పుడు లేచి కాసేపు ఊపిరి తీసుకోవాలి, ఇది తప్పు అని పైవాళ్లకి చెప్తే వింటారా, ఇలాంటివి. రాబర్ట్ కారసెక్ అనే ఆయన 1979లోనే ఇదే మాట ఇంకో దారిలో చెప్పాడు, మీద పడే పని ఎక్కువగా ఉండి దాని మీద అధికారం తక్కువగా ఉంటే ఆ రెండూ కలిసినచోటే మనిషి దెబ్బతింటాడని. పని ఎక్కువైనా పగ్గాలు చేతిలో ఉన్నవాడు తట్టుకుంటాడు, ఒక్కోసారి దాంట్లోనే ఎదుగుతాడు కూడా.

ఇప్పుడు హెచ్-1బి, అంటే కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా మీద ఉన్న మన పిల్లవాడిని ఈ లెక్కలో పెట్టి చూడండి. జీతం బాగుంది, కారు ఉంది, ఇల్లు కూడా కొన్నాడేమో. కానీ ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు, అది కూడా 2017లో వచ్చిన రూల్ వల్ల. 2000లో వచ్చిన చట్టం పుణ్యమా అని కొత్త కంపెనీ పిటిషన్ వెయ్యగానే మారిపోవచ్చు, ఆ మాట నిజమే, కానీ కంపెనీ మారితే గ్రీన్‌కార్డ్ కోసం పెర్మ్ అనే లేబర్ సర్టిఫికేషన్ మామూలుగా మళ్లీ మొదటినుంచి నడపాలి, ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితి వల్ల మన క్యూ ఎంత పొడుగో అందరికీ తెలుసు, అందుకని మేనేజర్ ఆదివారం మెసేజ్ పెట్టినా సరే అంటాడు, ప్రమోషన్ ఇవ్వకపోయినా ఊరుకుంటాడు, సెలవు అడగడానికి జంకుతాడు, అమ్మకి ఒంట్లో బాలేదంటే టికెట్ కంటే ముందు తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ గురించి ఆలోచిస్తాడు. హెచ్-1బి అప్రూవల్స్‌లో నూటికి డెబ్బైకి పైగా ఇండియన్లవే, అందులో తెలుగువాళ్లు ఎంతమందో మన కన్వెన్షన్ హాళ్లు చూస్తే తెలుస్తుంది. వైట్‌హాల్ గుమాస్తాకి బాసు ఇష్టం ఉన్నా లేకపోయినా దేశం వదిలి పొమ్మనేవాళ్లు లేరు. మనవాళ్లకి పని మీద అదుపు లేకపోవడంతో పాటు ఇల్లు, పిల్లల బడి, ఉండే హక్కు కూడా ఆ పనికే ముడిపడి ఉన్నాయి.

ఇంకా ఉద్యోగం పోలేదు కదా, పోయినప్పుడు చూద్దాంలే అంటారు కొందరు. వైట్‌హాల్ స్టడీలోనే దీనికి జవాబుంది. ఆ ఉద్యోగుల్లో ప్రాపర్టీ సర్వీసెస్ ఏజెన్సీ అనే డిపార్ట్‌మెంట్ వాళ్లు కొందరున్నారు, దాన్ని ప్రైవేటుకి అమ్మబోతున్నారని తెలిసింది. జేన్ ఫెర్రీ అనే పరిశోధకురాలు 1995లో ప్రచురించిన పేపర్‌లో ఏముందంటే, ఎవరు ఉంటారో ఎవరు పోతారో తెలియని ఆ ఎదురుచూపు దశలోనే వాళ్ల ఆరోగ్యం మిగతా డిపార్ట్‌మెంట్ల వాళ్లతో పోలిస్తే దిగజారడం మొదలైంది. లేఆఫ్ లెటర్ రాకముందే ఒళ్లు దెబ్బతింటుంది అన్నమాట. 2022 చివర్లో, 2023లో టెక్ కంపెనీల లేఆఫ్‌లప్పుడు ఉద్యోగం పోనివాళ్లు కూడా ఎలా నలిగిపోయారో మనం ఇళ్లల్లో చూశాం, 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చిన రాత్రి ఇండియాలో ఉన్నవాళ్లు ఎయిర్‌పోర్టులకి పరిగెత్తడమూ చూశాం. ఆ నిద్రలేని రాత్రులన్నీ ఎక్కడో లెక్కకి వస్తాయి.

గంటల సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ), అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) కలిసి 2021లో ఒక లెక్క బయటపెట్టాయి, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకి పక్షవాతం రిస్క్ 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే రిస్క్ 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క సంవత్సరంలోనే దీనివల్ల ప్రపంచం మొత్తం మీద 7,45,000 మంది చనిపోయారని వాళ్ల అంచనా. ఆఫ్‌షోర్ టీమ్‌తో రాత్రి పదింటి కాల్, పొద్దున్నే స్టాండప్ మీటింగ్, మధ్యలో ప్రొడక్షన్ ఇష్యూ, ఇవన్నీ కలిపి తన వారం 55 దాటుతోందా లేదా అని ఒక్కసారైనా కాగితం మీద వేసుకున్నవాళ్లు మనలో ఎంతమంది? అటుపక్క మాదాపూర్‌లో కూర్చుని మన టైముకి మేలుకుంటున్నవాళ్లదీ ఇదే కథ.

వీసా వల్ల ఉద్యోగం చెయ్యలేక ఇంట్లో ఉన్న ఆడపిల్లల గురించి మాట్లాడకుండా ఇది పూర్తవదు. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలో మారీయెంటాల్ అనే ఊళ్లో ఉన్న ఒక్క ఫ్యాక్టరీ మూతపడింది, ఊరంతా నిరుద్యోగం. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్‌ల పరిశోధక బృందం అక్కడికెళ్లి నెలల తరబడి గమనించింది. చేతినిండా టైము ఉన్నా జనం లైబ్రరీ నుంచి తెచ్చుకునే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి, మగవాళ్ల నడక కూడా నెమ్మదించింది. ఆడవాళ్లకి ఇంటిపని ఎటూ ఉంది, వాళ్లు ఖాళీగా లేరు, అయినా ఫ్యాక్టరీ తెరిస్తే మళ్లీ వెళ్తాం అన్నారు, డబ్బు కోసం మాత్రమే కాదు అని కూడా చెప్పారు. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో టీమ్ నడిపి, పెళ్లయి హెచ్-4, అంటే హెచ్-1బి వాళ్ల జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా మీద వచ్చి ఏళ్లకేళ్లు వర్క్ పర్మిట్ లేక ఉండిపోయిన అమ్మాయిలు చెప్పేదీ అచ్చం ఇదే. 2015లో హెచ్-4 వాళ్లకి పర్మిట్ ఇచ్చారు గానీ అది ఎక్కువగా భర్త గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయ్యాకే, అంతవరకూ ఎదురుచూపే. నీకేం తక్కువమ్మా, హాయిగా ఇంట్లో ఉన్నావు కదా అని మన పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో అడిగి తెలుసుకోండి.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. ఈ అదుపు లేకపోవడాన్ని వాడుకుని బతికే కన్సల్టెన్సీలు, అంటే తమ ఉద్యోగుల్ని వేరే కంపెనీల ప్రాజెక్టులకి పంపే సంస్థలు, మనలోనే ఉన్నాయి. ప్రాజెక్ట్ లేనప్పుడు బెంచ్ మీద, అంటే ఖాళీగా కూర్చోబెట్టి జీతం ఆపేస్తారు, హెచ్-1బి ఖర్చులు పిల్లాడి దగ్గరే వసూలు చేస్తారు, ముందే మానేస్తే ఇంత కట్టాలని అగ్రిమెంట్ రాయించుకుంటారు. నాతో చెప్పుకున్న పిల్లలు పేర్లు బయటికి రాకూడదని బతిమాలారు, నేనూ ఏ కంపెనీ పేరూ రాయను. కానీ రూల్ ఏంటో ప్రతి ఒక్కరికీ తెలియాలి. ప్రాజెక్ట్ లేదని బెంచ్ మీద పెట్టినా హెచ్-1బి ఉద్యోగికి పిటిషన్‌లో చూపించిన జీతం ఇచ్చి తీరాలి. హెచ్-1బి పిటిషన్‌కి అయ్యే లాయర్ ఫీజు, దాంతోపాటు ప్రభుత్వానికి కట్టే ట్రైనింగ్ ఫీజు లాంటివి కంపెనీ భరించాల్సినవే. ముందే మానేసినందుకు పెనాల్టీ వెయ్యడం నిషేధం, నష్టపరిహారం అనే పేరుతో అడిగితే ఆ కాగితం లాయర్‌కి చూపించకుండా ఒక్క డాలర్ కూడా కట్టొద్దు. లేబర్ డిపార్ట్‌మెంట్‌లో వేజ్ అండ్ అవర్ డివిజన్ ఉంది, డబ్ల్యూహెచ్-4 అనే ఫారంతో కంప్లయింట్ ఇవ్వొచ్చు, అన్యాయం జరిగిన 12 నెలల లోపల ఇవ్వాలి. కంప్లయింట్ ఇచ్చినందుకు కక్ష కట్టడం కూడా చట్టవిరుద్ధమే. ఓపీటీలో, అంటే చదువయ్యాక విద్యార్థులకి ఇచ్చే తాత్కాలిక పని అనుమతి మీద ఉన్న పిల్లలు ఇంకా బలహీనంగా ఉంటారు, ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటితే స్టేటస్‌కే ముప్పు, ఆ భయంతో ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తారు. గ్యాస్ స్టేషన్లో, మోటెల్లో క్యాష్‌కి పనిచేసే పిల్లలకైనా కనీస వేతనం చట్టం ఉంది, ఇమిగ్రేషన్ స్టేటస్ ఏదైనా సరే, ఆ మాట వాళ్లకి చెప్పేవాళ్లే లేరు.

మన సంఘాలు ఎవరైనా చనిపోతే ఎంత బాగా కదులుతాయో నాకు తెలుసు, రెండు మూడు రోజుల్లో విరాళాలు, పార్థివదేహం ఇండియాకి పంపే ఏర్పాట్లు, కుటుంబానికి అండ, నిజంగా చేతులెత్తి మొక్కాల్సిన పని. అదే శక్తి మనిషి బతికుండగా, జీతం ఆగిన నెలలో, లేఆఫ్ అయిన వారంలో ఎందుకు కనపడదు? కొంత కారణం స్పాన్సర్లు. కన్సల్టింగ్ కంపెనీల యజమానులే కమిటీల్లో ఉంటారు, వాళ్లలో ఎక్కువమంది నిజాయితీగా నడిపేవాళ్లేనని నేను నమ్ముతాను, వాళ్లకే ఈ విషయంలో ముందు నిలబడాల్సిన అవసరం ఎక్కువ, ఎందుకంటే దొంగ కంపెనీల వల్ల పేరు పోయేది వాళ్లదే. బెంచ్‌లో జీతం ఇస్తాం, ఫీజులు వసూలు చెయ్యం అని రాసి సంతకం పెట్టిన కంపెనీల దగ్గరే స్పాన్సర్‌షిప్ తీసుకుంటాం అని ఒక్క సంఘం తీర్మానం చేస్తే చాలు, మిగతావాళ్లు దారికొస్తారు.

లెక్కలు తీస్తే ఏం ఒరుగుతుంది అంటారేమో. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లిన మనవాళ్ల సంగతి చూడండి. ఖతార్‌లో ఎండలో పనిచేసే కార్మికుల ఒంటిమీద వేడి ఏం చేస్తోందో 2019లో ఐఎల్‌ఓ, గ్రీస్‌లోని థెస్సాలీ యూనివర్సిటీ కలిసి స్టడీ చేశాయి. ఆ తర్వాత 2021లో అక్కడి ప్రభుత్వం రూల్ మార్చింది, జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట పని ఆపాలి, వేడి, ఉక్కపోత కలిపి కొలిచే సూచిక 32.1 దాటితే ఏ టైములోనైనా పని ఆపాలి. అక్కడి కష్టాలన్నీ తీరాయని కాదు, కానీ కొలిచి చూపిస్తే రూల్ కదిలింది. ఇసుకలో ఇటుకలు మోసే మన తెలంగాణ అన్నదమ్ములకి జరిగిన ఆ కొలత, ఏసీ గదిలో ఉన్న మనకి జరగలేదు.

అందుకే మన సంఘాలకి నా విన్నపం ఒక సర్వే. ప్రశ్నలు కొత్తగా రాసుకోనక్కర్లేదు, పనిచోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ నయోష్ 2021లో ఉద్యోగుల క్షేమం మీద వెల్‌బీక్యూ అనే ప్రశ్నావళి ఉచితంగా విడుదల చేసింది, పని ఒత్తిడి లాంటివి కొలవడానికి డెన్మార్క్ వాళ్లు తయారుచేసిన కోపెన్‌హేగెన్ ప్రశ్నావళి కూడా ఉంది. వాటికి వీసా, బెంచ్, హెచ్-4 గురించి పది ప్రశ్నలు కలిపి తెలుగులో పెట్టాలి. పేరు అడగకూడదు, కంపెనీ పేరు అడగకూడదు, డేటా కమిటీ చేతిలో కాకుండా ఏదైనా యూనివర్సిటీలోని పబ్లిక్ హెల్త్ విభాగం దగ్గర ఉండాలి, వాళ్ల ఎథిక్స్ బోర్డు అనుమతితోనే నడవాలి, లేకపోతే భయపడి ఒక్కరూ నింపరు. మన డాక్టర్లలో, ప్రొఫెసర్లలో దీనికి ముందుకొచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, అడిగినవాళ్లు లేరు అంతే. దాంతోపాటు కన్సల్టెన్సీలతో ఏ సంబంధం లేని ఇద్దరు ముగ్గురు ఇమిగ్రేషన్, లేబర్ లాయర్లతో నెలకోసారి ఫోన్ క్లినిక్ పెట్టినా చాలు, ఖర్చు కన్వెన్షన్లో ఒక డెకరేషన్ బిల్లు కంటే తక్కువే. సర్వే ఫలితాలు వచ్చాక వాటిని మధ్యాహ్నం చిన్న గదిలో పెట్టే ప్యానెల్‌కి వదిలెయ్యకుండా మెయిన్ స్టేజి మీద, స్పాన్సర్లంతా ముందు వరసలో ఉండగా చదవాలి.