పెంకుల కింద ఏముందో అడగండి

ఎడారి వేడిలో ఇల్లు ఉన్నవాళ్లం చాలామందిమి ఒకే పొరపాటు చేస్తున్నాం. నెలల తరబడి చినుకు పడదు కాబట్టి పైకప్పు ఊసే ఎత్తం. ఎప్పుడో ఒక సాయంత్రం ఉరుములతో కుండపోత కురుస్తుంది, పడకగదిలో నెత్తిమీద గోధుమరంగు మరక తేలుతుంది, అప్పుడు మేస్త్రీ కోసం పరుగులు. ఆ రాత్రి వానే ఇల్లు పాడుచేసిందని తిట్టుకుంటాం. నిజానికి ఆ చిల్లు ఎండ ఎప్పుడో పెట్టేసింది.

గాలిలో 45 డిగ్రీలున్న రోజు ముదురు రంగు పైకప్పు 70 డిగ్రీలు దాటి కాలుతుంది. రాత్రి మబ్బులేని ఆకాశం కింద అంతే వేగంగా చల్లారుతుంది. 10 మీటర్ల ఉక్కు రేకు 50 డిగ్రీల తేడాకు సుమారు 6 మిల్లీమీటర్లు సాగి, మళ్లీ కుంచించుకుంటుంది. రోజూ ఇదే. ఆ లాగుడంతా మేకుల దగ్గర, గొట్టాల చుట్టూ, పిట్టగోడ కప్పును కలిసే మూలల్లో పడుతుంది. సందులు మూయడానికి అక్కడ పూసిన సీలెంటు అప్పటికే ఎండకు గట్టిపడి ఉంటుంది, సాగలేక చీలిపోతుంది.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది పెంకుల వ్యవహారం. మంచి పెంకులు 50 ఏళ్లు నిలుస్తాయంటారు. అది అబద్ధం కాదు. అయితే పెంకుల సందుల్లోంచి దిగిన నీటిని ఆపేది వాటి అడుగున పరిచిన తారు పొర. ఏళ్ల తరబడి వేడికి దానిలోని నూనెలు ఇగిరిపోయి, అది పెళుసుబారి, పెంకుల కంటే ఎంతో ముందే చినిగిపోతుంది. పెంకులు జాగ్రత్తగా దించి, పొర మార్చి, బాగున్నవాటినే తిరిగి పరిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఈ మాట చెప్పే గుత్తేదారులు ఎంతమంది? ఒకరు పగిలిన నాలుగు పెంకులు మార్చి డబ్బు తీసుకుంటారు, మరొకరు కప్పంతా కొత్తది వేయాల్సిందేనంటారు. అడుగు పొర ఎలా ఉందో ఇద్దరూ ఎత్తి చూడరు. మనమూ చూపించమని అడగం!

మా ఇంటి చదును కప్పుకు తెల్లపూత వేయించాను. పూత మీద నాకు అపనమ్మకం లేదు. శుభ్రమైన తెల్లటి కప్పు తనమీద పడిన ఎండలో 80 శాతం దాకా తిప్పికొట్టగలదు, కింద గదుల్లో ఆ తేడా తెలుస్తుంది. కానీ పని చేసినవాళ్లు కప్పు కడగలేదు. మరుసటి వేసవికే పూత పొలుసులుగా లేచింది. ఒక ముక్క చేత్తో లాగి తిప్పి చూస్తే అడుగున దుమ్ము అట్టకట్టి ఉంది. నా డబ్బు పెట్టి ఇసుకకు రంగు వేయించుకున్నాను. పూతకు ముందు కడగడం, ఆరబెట్టడం, పగుళ్లు పూడ్చడం అసలు పనిలో భాగమని ఇప్పుడు కాగితం మీద రాయించుకోనిదే ఎవరినీ నిచ్చెన ఎక్కనివ్వను.

వాటం సంగతి కూడా ఉంది. చదును కప్పంటే బల్లపరుపుగా ఉండేది కాదు, మీటరుకు కనీసం 2 సెంటీమీటర్ల వాలు ఉండాలి. వాన వెలిసి 48 గంటలైనా నీళ్లు నిలిచి ఉంటే వాటం తప్పినట్టే, లేదా ఇసుక గాలులకు తూము పూడుకుపోయినట్టే. తూము తీయడానికి మేస్త్రీ అక్కర్లేదు, ఒక చీపురు చాలు.

ఇంకొకటి. దయచేసి ఈ పనులు నడి వేసవికి పెట్టకండి. వేడికి మెత్తబడిన తారు కప్పు మీద నడిస్తేనే దెబ్బతింటుంది. దానిమీద మోకాళ్లూని పనిచేసే మనిషికి వడదెబ్బ ప్రాణాంతకం. చల్లటి నెలలు చూసుకోండి. తప్పనిసరై వేసవిలోనే చేయించాల్సి వస్తే తెల్లవారుజామున మొదలుపెట్టించి, ఎండ ముదరకముందే వాళ్లను కిందికి దించండి. పని నాలుగు రోజులు ఎక్కువ పట్టినా పట్టనివ్వండి.