బ్లాంక్ రియాక్షన్ పెట్టారా సార్?

బ్లాంక్ అంటే క్యాటలిస్ట్ (తాను ఖర్చు కాకుండా రియాక్షన్‌ని నడిపించేది) వేయకుండా, మిగతావన్నీ వేసి చూసే రియాక్షన్. ఎందుకడుగుతున్నానంటే, ఈ మధ్య నా ఫీడ్‌లో తరచూ ఒకటే కనిపిస్తోంది. "సుజుకి కప్లింగ్‌కి కొత్త, పర్యావరణ హిత, మళ్ళీ మళ్ళీ వాడుకోదగ్గ క్యాటలిస్ట్" అని ఒక హెడ్డింగు, పక్కన పచ్చటి ఆకు బొమ్మ, గుండ్రంగా తిరిగే బాణాలు, కింద వందల కొద్దీ శుభాకాంక్షలు. సుజుకి కప్లింగ్ అంటే, మామూలుగా పలాడియం అనే లోహం సాయంతో రెండు కర్బన ముక్కల్ని అతికించే రియాక్షన్. రీసెర్చ్ చేసే పిల్లల కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు, నేనూ అదే ఫ్యూమ్ హుడ్ ముందు నిలబడి కాలమ్‌లు వేసి పీహెచ్‌డీ తెచ్చుకున్నవాణ్ణే. కానీ పేపర్ తెరిస్తే ఏముంటుంది? అయోడోబెంజీన్, ఫినైల్‌బొరోనిక్ యాసిడ్. ఈ జతలో కాస్త పలాడియం చూపిస్తే చాలు, దానంతటదే అయిపోతుంది. అలాంటిదానికి 5 మోల్ శాతం పలాడియం, వంద అణువులకి ఐదు పరమాణువులు! అంటే ఈల్డ్ (దిగుబడి) నూటికి నూరు వచ్చినా ఒక్కో పలాడియం పరమాణువు చేసిన పని 20 సార్లు. ఫార్మాలో పెద్ద స్కేల్‌కి వెళ్ళేటప్పుడు మేం చూసేది వేలల్లో. పేరు గొప్ప ఊరు దిబ్బ.

నేనిప్పుడు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ప్రాసెస్ ఆర్ అండ్ డీలో, అంటే పెద్ద స్కేల్‌లో తయారీ పద్ధతులు తేల్చే విభాగంలో ఉన్నాను. మాకు ఈల్డ్ ఎంత ముఖ్యమో, చివర్లో మందులో ఎంత పలాడియం మిగిలింది అన్నదీ అంతే ముఖ్యం. మందులకి అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే ఐసీహెచ్ గైడ్‌లైన్ ప్రకారం నోటి ద్వారా వేసుకునే మందులో పలాడియం రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదు. రోజుకి 10 గ్రాముల మందు అనుకుని లెక్కేస్తే 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 10 పాళ్ళు. మిగిలిన పలాడియంని పట్టి తీసేయడానికి సెలైట్, చార్‌కోల్, స్కావెంజర్ రెజిన్ అంటూ మేం పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు. పైగా ధర. 2022 మార్చిలో పలాడియం ఔన్సు 3 వేల డాలర్లు దాటినప్పుడు పర్చేజ్ వాళ్ళ మొహాలు చూడాల్సింది. కాబట్టి నిజంగా తక్కువ పలాడియంతో, నిజంగా రీసైకిల్ అయ్యే క్యాటలిస్ట్ ఎవరైనా తెస్తే మేం ఎగిరి గంతేస్తాం. అలా తెచ్చామంటున్నవాళ్ళలో ఎంతమందిని నమ్మాలన్నదే నా గొడవ.

క్యాటలిసిస్‌లో కెరీర్ అంటే ఏమిటో అర్థం కావాలంటే, ఈ పలాడియం కప్లింగులకి దారి వేసిన అమెరికన్ కెమిస్ట్ రిచర్డ్ హెక్ గురించి చదవండి. ఆయన మొదలుపెట్టింది యూనివర్సిటీలో కూడా కాదు. యూసీఎల్ఏలో 1954లో పీహెచ్‌డీ, జ్యూరిక్‌లో కొంతకాలం, తర్వాత డెలవేర్‌లోని హెర్క్యులీస్ పౌడర్ అనే కంపెనీలో ఉద్యోగం. అక్కడ మొదట పట్టుకున్నది కోబాల్ట్ కార్బొనైల్స్ (కోబాల్ట్‌కి కార్బన్ మోనాక్సైడ్ తగిలిన కాంపౌండ్లు). అక్కడి సహోద్యోగి బ్రెస్లోతో కలిసి 1961లో హైడ్రోఫార్మైలేషన్ (ఆల్కీన్‌ని ఆల్డిహైడ్‌గా మార్చే రియాక్షన్) ఒక్కో అడుగూ ఎలా నడుస్తుందో మెకానిజం రాశారు. ఇప్పటికీ టెక్స్ట్‌బుక్‌లో ఉండేది అదే. ఆ తర్వాతే పలాడియం. 1968లో ఒకే జర్నల్‌లో, ఒకదాని వెనక ఒకటిగా ఏడు పేపర్లు వేశారు, ఏడింటికీ రచయిత ఆయనొక్కడే. ఇప్పుడైతే ఒక పేపర్‌కి ఏడుగురు రచయితలు, అందులో ఇద్దరు ఎవరో ఫస్ట్ ఆథర్‌కే తెలియదు.

ఆ ఏడు పేపర్లలో వాడింది ఆర్గానోమెర్క్యురీ, అంటే పాదరసం ఉన్న కాంపౌండ్లు. విషం. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1971లో టోక్యోలో మిజోరోకి అనే కెమిస్ట్, 1972లో నోలీతో కలిసి హెక్, పాదరసం అక్కర్లేకుండా ఎరైల్ అయొడైడ్లతోనే (బెంజీన్ లాంటి వలయానికి అయోడిన్ తగిలినవి) పని అవుతుందని విడివిడిగా చూపించారు. ఎరైల్ ముక్కని పలాడియంతో ఆల్కీన్‌కి అతికించే ఆ పద్ధతినే ఈ రోజు మనం హెక్ రియాక్షన్ అంటున్నాం. మిజోరోకి 1980లోనే పోయారు, అందుకే నోబెల్ జాబితాలో ఆయన పేరు లేదు, మన క్లాసుల్లో కూడా చాలామంది చెప్పరు. ఈలోగా హెక్ 1971లో డెలవేర్ యూనివర్సిటీకి మారారు. 1989లో రిటైర్ అయ్యారు, పరిశోధనకి నిధులు దొరక్క. అవును, నిధులు దొరక్క. తర్వాత భార్యతో కలిసి ఆమె సొంత దేశం ఫిలిప్పీన్స్‌కి వెళ్ళిపోయారు. 2010లో సుజుకి, నెగిషిలతో పాటు నోబెల్ వచ్చేటప్పటికి ఆయనకి 79 ఏళ్ళు, ల్యాబ్ వదిలి 21 ఏళ్ళు. మధ్యలో ఆ రియాక్షన్ మాత్రం ఆగలేదు, నెప్రాక్సెన్‌ని టన్నుల్లో చేసే ఒక పద్ధతిలో కూడా హెక్ స్టెప్ ఉంది. మోకాలి నొప్పులకి వేసుకునే ఆ బిళ్ళ మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

ఇది చెప్పి "చూశారా, కష్టపడితే ఎప్పటికైనా గుర్తింపు వస్తుంది" అనే రకం కాదు నేను. నిధులు ఇవ్వాల్సినవాళ్ళు ఇవ్వలేదు, అంతే. నేను చూసేది ఇంకొకటి. ఆ మనిషి ఇరవయ్యేళ్ళకు పైగా అడిగింది ఒకటే ప్రశ్న, ఫ్లాస్కులో అసలు ఏం జరుగుతోంది అని. మనం అడిగేది ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ స్థాయికి కొలతగా వాడే అంకె) ఎంత అని.

ఫ్లాస్కులో ఏం జరుగుతోందో చూడకపోతే ఏమవుతుంది? 2003లో లెడ్‌బీటర్ గ్రూప్ మైక్రోవేవ్‌లో, నీళ్ళలో, అసలు లోహమే లేకుండా సుజుకి కప్లింగ్ అవుతోందని రాసింది. సంచలనం. 2005లో వాళ్ళే తిరిగి తవ్వి చూసుకుంటే వాడిన సోడియం కార్బొనేట్‌లో 50 పీపీబీ పలాడియం ఉంది. వంద కోట్ల పాళ్ళలో 50 పాళ్ళు! రియాక్షన్ నడిపింది అదే. తమ పేపర్‌ని తామే సరిచేసి అచ్చేయడానికి గుండె కావాలి, ఆ విషయంలో వాళ్ళకి దండం. 2009లో బుక్‌వాల్డ్, బోల్మ్ అనే కెమిస్టులు కలిసి, ఐరన్ క్లోరైడ్ క్యాటలిస్ట్ అని చెప్పుకున్న కొన్ని రియాక్షన్లని నడిపిస్తున్నది అందులో కల్తీగా ఉన్న రాగి అని తేల్చారు. 2021లో మళ్ళీ అదే కథ, ఈసారి చాలా పెద్ద జర్నల్‌లో. ఒక అమైన్‌తో, లోహం లేకుండా సుజుకి అన్నారు. వేరే గ్రూపులు చేసి చూస్తే అసలు పనిచేసింది ఆ అమైన్‌ని తయారు చేసేటప్పుడు వాడిన పలాడియం, శుద్ధి చేశాక కూడా దాన్ని పట్టుకుని వేలాడుతోంది. పేపర్ వెనక్కి తీసుకున్నారు. ఇంకా నవ్వొచ్చేది మాస్కోలో అనానికోవ్ గ్రూప్ 2019లో చూపించింది: మనం వాడి, కడిగి, మళ్ళీ వాడే మ్యాగ్నెట్ ఉంది కదా, స్టిర్ బార్, దాని టెఫ్లాన్ మీద సన్నటి పగుళ్ళలో పాత రియాక్షన్ల లోహాలు దాక్కుని ఉంటాయి, కొత్త రియాక్షన్‌ని అవే నడిపించగలవు.

ఇన్ని తెలిశాక, క్యాటలిస్ట్ వేయకుండా ఒక ఫ్లాస్క్ పెట్టి చూడడం తప్పనిసరి అవ్వాలి కదా. నా పీహెచ్‌డీ రోజుల్లో ఒక సీనియర్ సార్‌ని (పేరు అక్కర్లేదు) "సార్, బ్లాంక్ పెట్టి చూద్దామా" అని అడిగితే, "బాబూ, అది పనిచేస్తే మనకి పేపర్ ఉండదు" అన్నారు. జోక్ కాదు, సీరియస్‌గానే అన్నారు. ఆయన్ని మాత్రం ఏమని అంటాం? ప్రమోషన్‌కి పేపర్ల లెక్క, ప్రాజెక్ట్‌కి పేపర్ల లెక్క, కింద జేఆర్ఎఫ్ కుర్రాడికి ఐదేళ్ళలో ఫెలోషిప్ అయిపోతోందని టెన్షన్. ఎవరి గోల వాళ్ళది. "పనిచేయలేదు" అని రాస్తే అచ్చేసేవాడు లేడు.

అలాగని మన దగ్గర గట్టి పని ఎవరూ చేయలేదని కాదు. హైదరాబాద్ తార్నాకలో, ఐఐసీటీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ), బి.ఎం. చౌదరి గారు, లక్ష్మీకాంతం గారు, మరికొందరు కలిసి 2002లో లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్ అనే పొరలు పొరల ఘన పదార్థం మీద నానో పలాడియం నిలబెట్టి హెక్, సుజుకి, సొనొగషిరా, స్టిల్ తరహా కప్లింగులు చేశారు. అదీ క్లోరోఎరీన్‌లతో, అంటే అయోడిన్ బదులు క్లోరిన్ ఉన్నవాటితో. అయొడైడ్‌తో చేయడం వేరు, క్లోరైడ్‌తో చేయడం వేరు. కార్బన్-క్లోరిన్ బంధం అంత తేలిగ్గా తెగదు, కానీ చవగ్గా దొరికేవి, పరిశ్రమకి కావాల్సినవీ క్లోరైడ్లే. కష్టమైన సబ్‌స్ట్రేట్ పట్టుకుని తేల్చడం అంటే అది. ఆ పని అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో వచ్చింది. తర్వాత లక్ష్మీకాంతం గారు అదే సంస్థకి డైరెక్టర్ కూడా అయ్యారు. మా పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అడిగి చూడండి. జర్మనీ గ్రూపుల పేర్లు మాత్రం టకటకా చెబుతారు.

ఇంటర్వ్యూలకి వచ్చేవాళ్ళని నేను పేపర్లు ఎన్ని అని అడగను. ఘన క్యాటలిస్ట్ అంటున్నావు కదా, రియాక్షన్ సగంలో ఉండగా వేడి మీదే ఫిల్టర్ చేసి, ఆ ద్రవంలో ఇంకా రియాక్షన్ నడుస్తోందేమో చూశావా అని అడుగుతాను. నడుస్తోందంటే పలాడియం కరిగి బయటికొచ్చేసినట్టే, నీ "రీసైకిల్" అంతా ఉత్తదే. ఐదోసారి వాడాక ఈల్డ్ 92 అన్నావు, ఎంతసేపటికి? 24 గంటలు వదిలేస్తే సగం చచ్చిన క్యాటలిస్ట్ కూడా 92 ఇస్తుంది, మొదటి అరగంటలో ఎంత అయిందో చెప్పు అంటాను. చాలామంది బిక్కమొహం వేస్తారు. తప్పు వాళ్ళది కాదు, వైవాలో కూడా ఎవరూ అడగలేదు మరి.

కింద కామెంట్లలో ఎవరో ఒకరు "స్టేట్ యూనివర్సిటీలో ఐసీపీ-ఎంఎస్ (అతి కొద్ది లోహాన్ని కూడా కొలిచే పరికరం) ఎక్కడిది సార్, శాంపిల్ బయటికి పంపాలంటే డబ్బులెవరిస్తారు" అంటారని తెలుసు. నిజమే, ఒప్పుకుంటాను, దాని మీద విడిగా కొట్లాడదాం, నేనూ వస్తాను. కానీ బ్లాంక్ రియాక్షన్‌కి ఐసీపీ అక్కర్లేదు. ఒక కొత్త ఆర్‌బీ (గుండ్రటి అడుగున్న) ఫ్లాస్క్, ఒక కొత్త మ్యాగ్నెట్, రియాక్షన్ అయిందో లేదో చూసే ఒక టీఎల్‌సీ ప్లేట్ చాలు. కొత్త మ్యాగ్నెట్ అంటే కొత్తదే, పక్క హుడ్‌లోది కడిగి తెచ్చింది కాదు.